క్యారీ నుంచి కైలాసద్వారం దాకా

మన ఊరికి క్యారీ అన్న పేరు, మద్యనిషేధం కోసం ఊరూరా ఉపన్యాసాలిచ్చిన శామ్యూల్ ఫెంటన్ క్యారీ అనే ఒహైయో పెద్దమనిషి మూలంగా వచ్చిందని చరిత్ర. మన చెవికి మాత్రం ఆ పేరు వినగానే క్యారియరూ, క్యారీబ్యాగూ గుర్తొస్తాయి. క్యారీ అంటే మోయడం. ఈ ఊళ్ళో కాపురం పెట్టిన మనందరం కూడా ఏదో ఒకటి మోస్తూనే ఉన్నాం కనుక పేరు సార్థకమే అనుకుంటాను.

2023 శివరాత్రికి నేను ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం వెళ్ళివచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. తిరిగి వచ్చాక గుళ్ళో కనబడ్డ ప్రతివారూ ఒకటే ప్రశ్న: "ఏమేం తీసుకువెళ్ళారు?" దర్శనం ఎలా అయిందని అడిగినవారు తక్కువ. సామాను జాబితా అడిగినవారే ఎక్కువ. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు, నేనూ ఆ గంగలో గోవిందాగాణ్ణే కనుక ఆశ్చర్యపోలేదు. జాబితా వ్రాసి ఇస్తానని మన సంపాదకులకు మాట ఇచ్చాను. వ్రాయడానికి కూర్చుంటే జాబితా కంటే కథ పొడుగైంది. పాఠకులు మన్నించాలి.

నేను 1974లో ఈ దేశం వచ్చినప్పుడు విమానంలో మనిషికి 20 కిలోలు. ఒక్క పెట్టె. అందులో రెండు జతల బట్టలు, చదువుకున్న పుస్తకాలు నాలుగు, మా అమ్మ కట్టి ఇచ్చిన కందిపొడి. ఆ పెట్టెతోనే నాలుగేళ్ళు నాలుగు ఊళ్ళు మారాను. తరువాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, 1984లో రీసెర్చి ట్రయాంగిల్ పార్కులో పని దొరికి క్యారీ రావడం. 1980 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో సుమారు 22 వేలమంది. 2020 లెక్కల్లో 1,74,721 మంది. ఊరితో పాటు మా గరాజూ నిండింది. కారు బయటే పెట్టుకుంటున్నాం.

ఇండియా వెళ్ళినప్పుడల్లా మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. పెట్టెలు తూచే కొక్కెం త్రాసు మన ఇళ్ళల్లో దేవుడి పటం తరువాత అంతటి వస్తువు. వెళ్ళేటప్పుడు చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, సెంటు సీసాలు. వచ్చేటప్పుడు ఆవకాయ, అప్పడాలు, చీరలు. ఆత్మకూరులో మా అన్న ఇంటి వసారాలో ఆ పెట్టెలు విప్పడం ఒక ఉత్సవం. మూడు వారాలు గడిచేసరికి వాటినే మళ్ళీ కట్టుకుని బయలుదేరడం. మధ్యలో పెళ్ళిళ్ళు, పరామర్శలు, బ్యాంకు పనులు. అన్నతో కూర్చుని మాట్లాడింది మాత్రం ఏ ఒక్క సాయంత్రమో.

ఇక అసలు సంగతి. మా నాయన బడిపంతులు. ప్రతి శివరాత్రికీ శ్రీశైలం నడిచి వెళ్ళేవారు. డ్యామ్ పనులతో పాటు రోడ్లూ బస్సులూ బాగుపడ్డాక కూడా ఆయన బస్సెక్కలేదు. 1963లో మా ఇద్దరినీ వెంటబెట్టుకు వెళ్ళారు. నాకు పన్నెండేళ్ళు, అన్నకు పదిహేను. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నదల్లా నాయన భుజం మీది తువ్వాల మూట. అంత చిన్న మూటలోంచి ముగ్గురికీ కావలసినవన్నీ ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు.

1998లో అమ్మకు జబ్బు చేసి ప్రాణం మీదికి వచ్చింది. నేను ఇక్కడ ఏదో ప్రాజెక్టు గడువులో ఉండి వారం ఆలస్యంగా వెళ్ళాను. ఈలోగా అన్న, అమ్మ మంచం పక్కన నిలబడి, "అమ్మ లేచి తిరిగితే అన్నదమ్ములిద్దరం నడిచి వస్తాం మల్లన్నా" అని మొక్కుకున్నాడట. అమ్మ లేచింది. ఇంకో పన్నెండేళ్ళు బ్రతికి 2010లో వెళ్ళిపోయింది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. నేను ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అంటూ వచ్చాను. శివరాత్రి పిల్లల సెలవుల్లో రాదు, ఆఫీసులో సెలవు దొరకదు. అన్న ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఒంటరిగా వెళ్ళి తీర్చుకోనూ లేదు. మొక్కింది ఇద్దరి పేరున కదా!

2022 అక్టోబరులో మన వేంకటేశ్వరస్వామి గుడికి 87 అడుగుల రాజగోపురం ప్రారంభమైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2009లో గుడి వెలిసిన నాటి నుంచి అందరం ఎదురుచూసిన ఘడియ. ఇంటికి వచ్చి అన్నకు ఫోనులో ఆ సంబరమంతా చెప్పాను. అంతా విని, "బాగుందిరా. ఈ ఏడు శివరాత్రికి నేను పోతా ఉండా. మోకాళ్ళు ఇంకో ఏడు ఆగేట్టు లేవు" అన్నాడు. రమ్మనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి టిక్కెట్టు కొన్నాను.

అప్పటికి నాకు డెబ్భై ఒకటో ఏడు. అన్నకు డెబ్భై నాలుగు. డాక్టరును అడిగితే, నడవవచ్చు గాని ముందుగా అలవాటు చేసుకోమన్నాడు. నవంబరు నుంచి వైట్ ఓక్ క్రీక్ దారిలో మొదలుపెట్టి, అమెరికన్ టొబాకో ట్రెయిల్ మీద రోజుకు కొంత పెంచుకుంటూ వచ్చాను. ఒకప్పుడు డర్హాముకు పొగాకు మోసిన రైలుమార్గం అది. పట్టాలు పీకేసి ఇరవై రెండు మైళ్ళ నడకదారి చేశారు. మోతకోసం పుట్టిన దారిలో నేను వీపుసంచిలో ఐదు కిలోల సోనామసూరి బియ్యం వేసుకుని నడిచేవాణ్ణి. ఎదురైన తెలుగువారొకరు "పటేల్ బ్రదర్సులో బియ్యం కొని నడిచి వస్తున్నారా?" అని హాస్యమాడారు.

నడక అలవాటైంది. సంచి సర్దడమే ప్రాణం మీదికి వచ్చింది. మొదటిసారి అన్నీ వేసి కొక్కెం త్రాసుకు తగిలిస్తే 11 కిలోల 200 గ్రాములు, నీళ్ళు కాక. ఇక్కడి కొండదారుల్లో నడిచేవారు, మన వయసు వాళ్ళకు ఒంటి బరువులో పదోవంతు మించకూడదంటారు. నా బరువు 68 కిలోలు. అంటే 6 కిలోల 800 గ్రాములు దాటకూడదు. అన్నీ హాలులో పరిచాను. స్లీపింగ్ బ్యాగు, వానకోటు, ఉన్నికోటు, రెండో జత బూట్లు, బాదంపప్పు, శక్తినిచ్చే బిస్కట్లు, నీళ్ళు శుద్ధిచేసే గొట్టం, మందుల పెట్టె, రెండు టార్చిలైట్లు, ఫోనుకు బ్యాటరీలు మూడు. మా ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి చూసి, "ఫిబ్రవరిలో నల్లమలలో వానకోటెందుకండీ?" అంది. "ఒకవేళ కురిస్తే?" అన్నాను. "రెండో బూట్లు?" "ఒకవేళ తెగితే?" "మూడో బ్యాటరీ?" "ఒకవేళ రెండోదీ అయిపోతే?" ఆవిడ ఇక అడగలేదు. ఆ రోజు నాకు తెలిసిందేమిటంటే, నా సంచిలో సగం బరువు 'ఒకవేళ'ది. వాన కురిస్తే ఎవరింటి చూరు కిందా నిలబడనవసరం లేకుండా, చెప్పు తెగితే ఎవరినీ అడగనవసరం లేకుండా, నేను సర్దుకుంటున్నాను.

ఆ రోజుల్లోనే ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' మళ్ళీ తీశాను. ఆయనా మనలాంటి ఉద్యోగస్థుడే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ, గయ, కలకత్తా చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల యాత్ర. దినచర్యగా వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపితే, ఆయన పోయాక 1838లో అది పుస్తకమైంది. రైలు లేని కాలం. పల్లకీ, బోయీలు, వంటవాళ్ళు, గుడారాలు, వెరసి దాదాపు నూరుమంది పరివారంతో ఒక చిన్న ఊరే కదిలింది. శ్రీశైలానికి ఆయనా మా ఆత్మకూరు వైపు నుంచే వెళ్ళాడు. చదువుతుంటే నాకు కాస్త ఊరట కలిగింది. నూరుమందితో పోలిస్తే పదకొండు కిలోలు ఏపాటి? అయితే ఆయన సామాను ఆయన మోయలేదు. ఆ చిన్న తేడా గుర్తొచ్చి పుస్తకం మూసి, వానకోటూ, రెండో బూట్లూ, ఒక బ్యాటరీ, సగం బిస్కట్లూ తీసేశాను. 7 కిలోల 400 గ్రాములకు దిగింది. అంతకంటే దించడం నా వల్ల కాలేదు.

ఆత్మకూరులో అన్న వసారాలో, ఎప్పుడూ పెట్టెలు విప్పే చోటే, ఈసారి వీపుసంచి విప్పాను. ఊరు అదే గాని జిల్లా మారింది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. అన్న గోడకానుకుని కూర్చుని ఒక్కొక్కటీ చూశాడు.

"ఏంరా ఇది, సంసారమంతా కట్టుకొచ్చినావు?"

"అంతా కాదన్నా. చాలా తీసేసినా."

"తినేదెందుకురా? దారి పొడుగునా పెట్టేవాళ్ళు ఉండారు."

"ఒకవేళ దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఆకలైతాది. అంతే గదా!"

అన్న సంచి కొక్కేనికి తగిలించి తూచాను. 2 కిలోల 800. గుడ్డసంచిలో ఒక పంచె, తువ్వాల, దుప్పటి, చెంబు, అటుకులూ బెల్లం మూట, విభూతి, టార్చిలైటు, బీపీ మాత్రలు. నా సంచిలోంచి బిస్కట్లు, బాదంపప్పు, స్లీపింగ్ బ్యాగు, ఉన్నికోటు, మిగిలిన బ్యాటరీలు తీయించాడు. ప్లాస్టిక్ సీసాలు అసలే పనికిరావన్నాడు. పులుల అభయారణ్యం కనుక అటవీశాఖవారు ప్లాస్టిక్ రానివ్వరు. నా మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు, మూడు జతల మేజోళ్ళు, వేజలీను, గాజుగుడ్డ మాత్రం నేను వదలలేదు. "మేజోళ్ళు వేసుకుని మల్లన్న దగ్గరికి పోతావా?" అని నవ్వాడు. చివరికి 4 కిలోల 300.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున వెంకటాపురం నుంచి అడుగు పెట్టాం. అడవిదారి దాదాపు నలభై కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఆ దారిలో ఎవరినీ పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం తెరుస్తారు. మాలధారణ చేసిన స్వాములు, పసిపిల్లలను భుజాన వేసుకున్న తండ్రులు, రాయచూరు వైపు నుంచి రోజుల తరబడి నడిచి వస్తున్న కన్నడ కుటుంబాలు. కన్నడిగులు భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి చీరె, పసుపు, కుంకుమ తెస్తారు. తమ సామాను ఎంత తగ్గించినా ఆ సారె మాత్రం తగ్గించరు. చెంచులకేమో మల్లన్న అల్లుడు, చెంచుమల్లయ్య. ఇద్దరి చుట్టాలూ కలిసి నడిచే దారి అన్నమాట.

మొదటి రాత్రి నాగలూటి. పాత వీరభద్రుడి గుడి, అక్కణ్ణుంచి కొండమీదికి పాతకాలపు రాతిమెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది అని చరిత్ర పుస్తకాల్లో చదివాను. అన్నట్లుగానే దారి పొడుగునా ఎవరెవరో ఊళ్ళవాళ్ళు పందిళ్ళు వేసి అన్నం, మజ్జిగ, పులిహోర పెడుతున్నారు. ఎవరు, ఎక్కడివారు అని ఎవరూ అడగరు. ఆకు పరచి వడ్డించడమే. నాకు మొదటి పంక్తిలో కూర్చోవడం కష్టమైంది. చెయ్యి జేబులోకి పోతోంది, డబ్బు ఇవ్వాలా అని. నలభై ఎనిమిదేళ్ళు అమెరికాలో ఉండి, ఎవరికీ బాకీ పడకుండా బ్రతకడం నేర్చుకున్నాను. మరునాడు ఒక పందిట్లో నేనే గరిటె పట్టుకుని గంటసేపు వడ్డించాక గాని అన్నం గొంతు దిగలేదు. అన్న చూసి ఏమీ అనలేదు.

ఆ రోజే అన్న పాదాలు బొబ్బలెక్కాయి. చెప్పులు విప్పి చూపించడానికి కూడా మొగమాటపడ్డాడు. కడిగి తుడిచి, వేజలీను రాసి, గాజుగుడ్డ చుట్టి, నా మేజోళ్ళు తొడిగాను. "బాగానే ఉండాయిరా" అన్నాడు. మేజోళ్ళ విషయంలో నాకు ఆ మాత్రం న్యాయం జరిగింది.

రెండో రాత్రి పెచ్చెరువు. చెంచుగూడెం పక్క చెరువు గట్టున వందలమంది పడుకున్నారు. పగలంతా మండిన అడవి అర్ధరాత్రికి వణికించింది. నా ఉన్నికోటు ఆత్మకూరు వసారాలో ఉంది. అన్న దుప్పటి ఇద్దరికీ చాలలేదు. మనసులో అన్నను తిట్టుకున్నాను కూడా. పక్కన పడుకున్న కన్నడ కుటుంబంలో ఒక పెద్దావిడ లేచి చూసి, తన మనవరాలిని తన కొంగులోకి లాక్కుని, వాళ్ళ కంబళి ఒకటి తెచ్చి, "తగోరి అణ్ణా" అని ఇచ్చింది. నేను అలవాటుగా "వద్దు, వద్దు" అన్నాను. అన్న చీకట్లోంచి అన్నాడు: "తీసుకోరా. ఇచ్చేదానికి ఆమె, తీసుకునేదానికి మనము. ఆడికీ ఈడికీ సరిపాయ."

కంబళి కప్పుకున్నాను. గొర్రె ఉన్ని వాసన. చాలాసేపు మేలుకునే ఉన్నాను. తేలికగా నడవడమంటే సామాను తగ్గించడం ఒక్కటే కాదనిపించింది. తగ్గించిన ప్రతి వస్తువుకీ బదులు పక్కవాణ్ణి నమ్మాలి. మా నాయన తువ్వాల మూట అంత చిన్నదిగా ఉండేదంటే, మిగతాదంతా దారిలో జనం దగ్గర ఉండేది. నా గరాజు అంత నిండిందంటే, పక్కింటి తలుపు తట్టవలసి వస్తుందేమోనన్న భయం అందులో సగం. తెల్లవారి కంబళి మడిచి ఇచ్చేస్తే ఆవిడ మామూలుగా తీసుకుని సంచిలో వేసుకుంది. థాంక్సులు చెబితే అర్థం కానట్టు చూసింది.

మూడో రోజు భీముని కొలను. లోయలోకి నిటారుగా దిగి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కాలి. మెట్లు పెద్దవి, అరిగినవి. దిగడం ఎలాగో అయింది. ఎక్కేటప్పుడు సగంలో అన్న కూలబడ్డాడు. మోకాలు మడత పడటం లేదు. ఓఆర్ఎస్ నీళ్ళు తాగించాను. పక్కనించి జనం "హర హర మహాదేవ" అంటూ సాగిపోతున్నారు. కొంతసేపటికి అన్న తల పైకెత్తకుండా, "నా సంచి పట్టుకుంటావారా?" అన్నాడు.

ఇది చదివేవారికి చిన్న మాటగానే కనిపించవచ్చు. అమ్మనూ నాయననూ చూసుకున్నది అన్న. నాయన పోయినప్పుడు నేను వెళ్ళేసరికి మూడో రోజు. ఇల్లు, పొలం, చుట్టాలు, తద్దినాలు, అన్నీ అన్నే మోశాడు. ఇన్నేళ్ళలో నన్ను ఏదీ పట్టుకోమని అడగలేదు. నేను పంపిన డబ్బు కూడా అమ్మ పేర బ్యాంకులో వేసి, పాసుబుక్కు నా చేతికిచ్చాడు. ఆ మనిషి మొదటిసారి అడిగింది రెండు కిలోల ఎనిమిదివందల గ్రాముల గుడ్డసంచి.

ఒక భుజాన నాది, ఒక భుజాన అన్నది వేసుకున్నాను. ఉద్యోగం మానేసినా లెక్కలు మానని బుద్ధి కనుక మెట్లెక్కుతూనే కూడాను. రెండూ కలిపి 7 కిలోల 100 గ్రాములు. క్యారీలో నా ఒక్కడి కోసం కట్టుకున్న 7 కిలోల 400 కంటే తక్కువ. అన్న వసారాలో ఆ బిస్కట్లూ కోటూ తీయించకపోతే ఆ పూట నా భుజం మీద రెండో సంచికి చోటుండేది కాదు. అన్న నా ముంజేయి పట్టుకున్నాడు. పది మెట్లకోసారి ఆగుతూ ఎక్కాం. కైలాసద్వారం చేరేసరికి పొద్దు వాలింది.

శివరాత్రి రాత్రి లింగోద్భవ కాలంలో దీపాలన్నీ ఆర్పి పాగాలంకరణ చేస్తారు. చీరాల వైపు నేతకారుడు రోజుకు మూర చొప్పున ఏడాది పొడుగునా నేసిన పాగాను, స్వామి విమానం నుంచి నందుల దాకా ఆ చీకట్లోనే చుడతాడు. జనంలో నిలబడి ఎదురుచూస్తుంటే అన్న మెల్లగా, "అయిపాయరా" అన్నాడు. అమ్మ పేరు ఇద్దరమూ ఎత్తలేదు.

ఇక నేను మాట ఇచ్చిన జాబితా. నాలుగు కిలోలు చాలు. తొడుక్కున్నవి కాక ఒక జత బట్టలు, దుప్పటి, తువ్వాల, నీళ్ళకు స్టీలు సీసా, టార్చి, మూడు జతల మేజోళ్ళు, వేజలీను, గాజుగుడ్డ, ఓఆర్ఎస్, మీ మందులు రోజుకు రెట్టింపు లెక్కన. మందుల్లో మాత్రం 'ఒకవేళ'ను వదలకండి. బూట్లు కనీసం నెలరోజులు ఇక్కడ తొడిగి నడిచినవై ఉండాలి. మొక్కు ఏదైనా ఉంటే మోకాళ్ళు బాగున్నప్పుడే తీర్చుకోండి. వీలైతే ఒంటరిగా వెళ్ళకండి.

నా వీపుసంచి అన్న దగ్గరే ఉంది. ఉగాదికి ఎవరో కుర్రాడికి అరువిచ్చాడట. తిరుగు ప్రయాణంలో వదిన కట్టిన ఆవకాయతో పెట్టె 23 కిలోల 400 వచ్చింది. ఎయిర్‌పోర్టులో కౌంటరు అమ్మాయి త్రాసు వంక చూసి, నా వంక చూసి, పోనిచ్చింది. ఈసారి నేను "వద్దు" అనకుండా నమస్కారం పెట్టి తీసుకున్నాను.